బుగ్గమ్మ దొడ్డిలో సొంత కత

తాండూరులో సంత జరిగే రోజు, కాగ్నా వాగు వైపు దిగే బండ్లబాట పక్కన ఒక దొడ్డి జనంతో కిటకిటలాడేది. పేరుకు గొర్రెల దొడ్డి. లోపల ఒక్క గొర్రె ఉండేది కాదు. చుట్టూ తుమ్మకంప, నడుమ మోకాలెత్తున పేర్చిన బండలు. ఆ బండల మీద ఆటగాడో పాటగాడో నిలబడి తన బతుకు సంగతి చెప్పుకునేవాడు. కింద కూర్చున్నవాడు నవ్వకూడని చోట నవ్వితే వీపు మీద కట్టె పడేది. ఆ కట్టె బుగ్గమ్మది.

కచేరీలో పనిచేసే చప్రాసీ ఒకడు, తలపాగా ఇస్త్రీ చేయించుకునే దర్జా మనిషి, ఒకనాడు అక్కడికి వచ్చాడు. బండల మీద ఒక బొమ్మలాట ముసలివాడు, కరువులో తన చెక్కబొమ్మలను పొయ్యిలో పెట్టి జొన్నగటక వండుకున్న సంగతి చెబుతున్నాడు. చప్రాసీ కిసుక్కున నవ్వాడు. కట్టె మొన మూతి మీద పడి వాడి ముందుపన్ను ఊడింది.

"నేను సర్కారు మనిషిని!" అని నెత్తురు ఉమ్ముతూ అరిచాడు.

"సర్కారుకు పండ్లు మస్తుంటయ్ తియ్, ఇంకోటి పెట్టిచ్చుకో," అన్నది బుగ్గమ్మ. బండల వైపు తిరిగి, "నువ్వు చెప్పు తాతా. ఏ బొమ్మను ముందుగాల కాలవెట్టినవ్?"

"హనుమంతుని, బిడ్డా. తోకకు నిప్పు అలవాటే గదా అని."

ఆ మాటకు దొడ్డి దొడ్డంతా నవ్వింది. బుగ్గమ్మ కట్టె లేవలేదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వకూడదో చెప్పే శాస్త్రం ఆమె దగ్గర ఏదో ఉండేది. అది ఆ చప్రాసీకి తెలియదు, అంతే.

నేను కృష్ణకు ఇవతలా అవతలా చాలా వేదికలు చూశాను. తెరలు, గ్యాసుబత్తీలు, ముందు వరుసలో దొరల కుర్చీలు. పట్నంలో కళాకారుల కష్టాల మీద జరిగిన ఒక సభకు కూడా పోయాను. కష్టాల గురించి పెద్దలు ముగ్గురు మాట్లాడారు, శాలువా కప్పించుకున్న ముసలి గాయకుడి వంతు రాకముందే సభ అయిపోయింది. ఆయన శాలువా మడత పెట్టుకుని రైలెక్కాడు. దేవుడి కథ చెప్పు అని ఆటగాణ్ణి అందరూ పిలుస్తారు. నీ కథేమిటి అని అడిగిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె చేతిలో కట్టె ఉంది.

బుగ్గమ్మ పుట్టిల్లు దౌల్తాబాద్ దిక్కు ఒక చిన్న ఊరు. గొర్రెలు కాసే కురుమ ఇంటి ఆడపిల్ల. మొగుడు హన్మయ్య తాండూరువాడు, ఒగ్గు కత చెప్పేవాడు. చేతిలో ఒగ్గు డోలు, నడుముకు గంటలు, మల్లన్న కథ ఎత్తుకున్నాడంటే మూడు ఊళ్ళు కదిలి వచ్చేవట. గొర్రెలుండేవి, కథ ఉండేది, పిల్లలు లేరు.

నలభై ఎనిమిది వేసవి చివర, తుపాకులు పట్టుకుని తిరిగే ఒక గుంపు ఆ ప్రాంతంలో మకాం వేసింది. వాళ్ళకు మాంసం కావాలి. మాంసంతో పాటు వినోదం కావాలి. మందతో సహా హన్మయ్యను పట్టుకుపోయారు.

"మా సర్దారు మీద ఒక పాట కట్టు," అన్నారు.

"నాకు మల్లన్న కతనే వస్తది సాబ్," అన్నాడు హన్మయ్య.

"అయితే అదే పాడు. ఆపినవంటే కాలుస్తం."

అతను పొద్దున మొదలుపెట్టాడు. అతని కళ్ళ ముందే ఒక్కొక్క గొర్రెను కోస్తూ వచ్చారు. తన చేత్తో పాలు తాపి పెంచిన గొర్రెల నెత్తురు కాళ్ళ కిందికి పారుతుంటే, హన్మయ్య మల్లన్న పెళ్ళి పాడాడు, మల్లన్న కోపం పాడాడు. పొద్దు వాలేసరికి మంద అయిపోయింది, గొంతూ అయిపోయింది. చేయి మాత్రం డోలు మీద ఆడుతూనే ఉంది. పాట ఏదిరా అని ఒకడు తుపాకి మడమతో గొంతు మీదే పొడిచాడు.

అయినా వెంటనే చావలేదు. ఇంట్లో మంచం మీద కొన్నాళ్ళు ఉన్నాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచేవాడు. బుగ్గమ్మ చెవి ఆనించేది. గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. కళ్ళు తెరిచే పోయాడు.

"మల్లన్న కత ఎన్నేండ్ల సంది ఇన్ననో," అని ఆమె తర్వాత అనేది. "మా ఆయన కత ఒక్క పొద్దన్న ఇనలే. అడగాలన్న సోయి గూడ లేకపాయె."

ఆ తర్వాత మిలిటరీ వచ్చింది. తుపాకుల గుంపు పారిపోయింది. వాళ్ళు దొరకలేదని, వాళ్ళ మతంవాళ్ళు ఎవరు దొరికితే వాళ్ళ మీద పడ్డారు మనవాళ్ళు. ఆ నెలలో కాగ్నా ఒడ్డున ఏమేం జరిగిందో రాయాలంటే నా కలం ఇప్పటికీ వెనకాడుతుంది. ఒక్కటే చెబుతాను. పీర్ల పండుగకు పాటలు పాడే ఖాసిం అనే అతను, తమ్ముణ్ణి తన గుమ్మంలోనే నరికేస్తుంటే గోడ దూకి, పరుగెత్తి, బుగ్గమ్మ ఖాళీ దొడ్డిలో పడ్డాడు. ఆమె పాత గొంగళ్ళన్నీ అతని మీద కుప్ప పోసి, ఆ కుప్ప మీద ఎక్కి కూర్చున్నది.

గొడ్డళ్ళతో వచ్చినవాళ్ళలో ఆమె మరిది బీరయ్య ఉన్నాడు. హన్మయ్య సొంత తమ్ముడు.

"వదినె, ఖాసింగాడు గిటు ఉరికిండా?"

"వాగు దిక్కు ఉరికిండు."

"అన్నను సంపినోల్లు ఆల్లే గదనే, నీకు కడుపు మండుతలేదా?"

"మీ అన్నను సంపినోని చేతిల తుపాకి ఉండె. ఖాసిం చేతిల డప్పు తప్ప ఏమన్న సూసినవా ఎన్నడన్న? పో. నా దొడ్డిల నిలవడకు."

వాళ్ళు పోయారు. కుప్ప కింద నుంచి మాట మొదలైంది. అమ్మ ఒళ్ళో పాట నేర్చుకున్న సంగతి, తమ్ముడు తాళం తప్పితే తాను మొట్టికాయ వేసిన సంగతి, ఇందాక గుమ్మంలో వాడి చేయి ఎక్కడ పడిందో ఆ సంగతి.

"ఊపిరాడక సస్తవ్, నోరు మూస్కో," అన్నది బుగ్గమ్మ.

"నోరు మూస్కుంటే ముందే సస్తనమ్మా," అన్నాడు ఖాసిం.

ఆమె ఎండ దిగేదాకా గొంగళ్ళ మీద కూర్చుని విన్నది. ఖాసిం బతికి గుల్బర్గా దిక్కు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె గొర్రెలు కొనలేదు. దొడ్డిలో బండలు పేర్చడం మొదలుపెట్టింది.

తాండూరులో బండకు కరువు లేదు. ఒకప్పుడు ఇదంతా సముద్రం అడుగట, ఆ బురదే పొరలు పొరలుగా పేరుకుని బండ అయిందట, ఎక్కడో చదివాను. ఖార్ఖానాల్లో పనికిరావని పారేసిన ముక్కలను గనివాళ్ళు బండ్ల మీద తెచ్చి పడేశారు. బుగ్గమ్మ వాళ్ళకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. ఆటగాళ్ళకూ అదే పెట్టేది. సేడం దిక్కు నుంచి కన్నడంలో బయలాట ఆడేవాళ్ళు, కొడంగల్ దిక్కు భాగవతులు, బుర్రకథలవాళ్ళు, చిందు మేళాలవాళ్ళు, అందరూ సంత రోజున వచ్చి ఆడేవారు. ఆట అయ్యాక బుగ్గమ్మ కట్టెతో బండను కొట్టేది.

"దేవుని కత అయింది. ఇగ నీ కత."

దానికి ఒకటే నియమం. రంగు కడుక్కుని రావాలి. దొడ్డి మూలన గొర్రెలు తాగే రాతితొట్టి ఉండేది. వేషగాడు అక్కడ ముఖం కడుక్కుని, వట్టి ముఖంతో బండ ఎక్కి చెప్పాలి. ఈ నియమం వెనక ఆ ప్రాంతపు ఆచారం ఒకటి ఉంది. చిందువాళ్ళను అంటరానివాళ్ళని మామూలు రోజున ఎవరూ గడప తొక్కనిచ్చేవారు కాదు. అదే మనిషి అర్దళం నూరి ముఖానికి పూసుకుని ఎల్లమ్మ వేషం కట్టి నిలబడితే, అదే గడప ముందు పటేలు భార్య బిందెడు నీళ్ళు కాళ్ళ మీద పోసి మొక్కేది. అర్దళమంటే పసుపుపచ్చని రాయి, విషం. వైద్యులు రవ్వంత మందుకు వాడతారు, వీళ్ళు ముఖమంతా పూసుకుంటారు. ఆ రంగు ఉన్నంతసేపు మనిషి దేవుడు. ఏమన్నా అనవచ్చు, ఎవరూ చేయి వేయరాదు. వేస్తే వంశం ఉండదని నమ్మకం. కానీ రంగు మీద పలికిన మాట దేవుడిదే అవుతుంది, పలికినవాడిది కాదు. బుగ్గమ్మకు కావలసింది దేవుడి మాట కాదు.

మరిది బీరయ్యకు ఇదంతా గిట్టేది కాదు. అప్పటికి అతను యాలాల్ దిక్కు ఒక ఊళ్ళో జనార్దన్ పటేలు దగ్గర కట్టె పట్టుకు తిరిగే మనిషి అయ్యాడు.

"అన్న దొడ్డిల చిందోల్లు ఎగురుడేంది వదినె? కులపోల్లు మొకం మీద ఊంచుతున్రు."

"ఊంచనీ. కడుక్కోనీకె తొట్టి ఉన్నది."

ఆ పటేలు ఊరి చిందు మేళంలో నర్సప్ప, నాగవ్వ అని మొగుడూ పెళ్ళాం. నర్సప్ప హాస్యగాడు, నాగవ్వ ఎల్లమ్మ వేషం కట్టేది. యాభై నాలుగు ఎండాకాలంలో నర్సప్ప శవం పటేలు బావిలో తేలింది. తాగి పడ్డాడని పంచనామా రాశారు. నర్సప్ప కల్లు ముట్టడని ఊరందరికీ తెలుసు. రాసినవాళ్ళకూ తెలుసు.

ఆనాటి నుంచి నాగవ్వ నలుగురిలో ముఖం కడగడం మానేసింది. ఆట అయ్యాక రంగుతోనే నడిచి ఇంటికి పోయి, తలుపు వేసుకుని కడుక్కునేది. ఒక్కోసారి అలాగే పడుకునేది. చెంపలు పుండ్లు పడి, మానిన చోట చర్మం ఎండిన చెరువు మట్టిలా పగిలింది. బుగ్గమ్మ దొడ్డికి ఇంటి నుంచే రంగు వేసుకుని వచ్చేది, ఎల్లమ్మ ఆడేది, సొంత కథ వంతు రాగానే మూట సర్దుకునేది.

యాభై ఏడులో, మళ్ళీ అలాగే మూట కట్టుకుంటుంటే బుగ్గమ్మ కట్టె అడ్డం పెట్టింది.

"ఏమే నాగవ్వా, నా రొట్టె తింటవ్, నా బండ మీద ఎగురుతవ్, నీ కత మాత్రం మింగుతవ్?"

"సెప్తక్కా. రంగు మీద సెప్తంటే ఇంటవా?"

"ఇనను. గది నీ కత కాదు, ఎల్లమ్మది."

"కడుగుతే నేను బతక."

"నీళ్ళు తాకితే సస్తవా? మేమందరం సావలే?"

"మా ఆయన సచ్చింది నీళ్ళు తాకే," అన్నది నాగవ్వ.

బుగ్గమ్మ కట్టె దించింది. ఆ దొడ్డిలో ఆమె నియమం సడలించింది ఒక్కసారే, అదీ ఆనాడే. "మంచిది. వచ్చే సంతకు రంగు మీదనే చెప్పు," అన్నది.

సంగతి వారం లోపలే పటేలు చెవిన పడింది. తర్వాతి సంత రోజు మధ్యాహ్నం జనార్దన్ పటేలు తన కుర్చీ మోయించుకు వచ్చి ముందు వరుసలో వేసుకున్నాడు. వెనక బీరయ్య, ఇంకా నలుగురు కట్టెలవాళ్ళు. బుగ్గమ్మ వాళ్ళను లోపలికి రానిచ్చింది. వినేవాణ్ణి ఆపకూడదన్నది కూడా ఆమె పద్ధతే.

ఎల్లమ్మ ఆట అయింది. నాగవ్వ పసుపు ముఖంతో, కిరీటంతో, బండ మీద అలాగే నిలబడి తన కథ మొదలుపెట్టింది.

పటేలు వాడ బావికి కంచె వేసిన ఏడాది. ఆటలో నర్సప్ప హాస్యం చెబుతూ, "మా పటేలుకు రాచ్చస దూప. బాయి మొత్తం తాగిండు, ఇగ గిరక మింగుడే మిగిలింది," అన్నాడు. జనం విరగబడి నవ్వారు. పటేలూ నవ్వాడు. రంగు మీద ఉన్నవాణ్ణి ఏమనగలడు? ఆట ముగిసింది. బీరయ్య చెంబుతో వచ్చి, "దా నర్సిగా, మొకం కడుక్కో, నేను పోస్త," అన్నాడు. సబ్బుబిళ్ళ పటేలు ఇంటి నుంచే వచ్చింది. చిందువాడి చేతుల మీద కురుమవాడు నీళ్ళు పోయడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. రెండో దోసిలికే నర్సప్పకు అర్థమైంది. చుట్టూ చూశాడు. కట్టెలవాళ్ళు నిలబడి ఎదురు చూస్తున్నారు. పారిపోయే దారి లేదు.

"సెవుల ఎనక ఇంక ఉన్నది, జర పొయ్యి," అన్నాడు.

పోశారు.

"మెడ కాడ అంటుకున్నది, ఇంకో చెంబు."

పోశారు. గోరు సందుల్లో ఉందన్నాడు. కనుబొమలలో ఉందన్నాడు. ఒంటి మీద పసుపు చుక్క ఉన్నంతసేపు బతుకుతాడు. చివరికి బీరయ్యే తన తువ్వాలతో అతని చెవుల వెనక శుభ్రంగా తుడిచాడు. "సాఫైంది పటేలా," అన్నాడు. మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద, రెండోది దవడ మీద. పక్కటెముకలు ఒక్కొక్కటీ విరగడం, వేషాల మూటల వెనక నక్కి ఉన్న నాగవ్వ విన్నది. ఎండిన కంది కట్టె విరిచినట్టే వినపడిందన్నది. ఊపిరి ఉండగానే బావిలో వేశారు. బావిలో నుంచి అతను ఆమెను పిలవలేదు. పిలిస్తే ఆమె ఉన్న చోటు వాళ్ళకు తెలిసిపోతుంది.

అందరూ పటేలును చూస్తున్నారు.

పటేలు లేచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, బండ ముందు సాష్టాంగ పడ్డాడు.

"తప్పయింది తల్లీ! మా ఊరి మీద నీ కోపం దించు! శాంతి సెయ్యిస్త!"

ముందే అనుకుని వచ్చాడు కాబోలు, పొట్టేలు బయట సిద్ధంగా ఉన్నది. బీరయ్య ఒక్క వేటుకు తల తెగ్గొట్టాడు. మొండెం తన్నుకుంటూ బండ దాకా వచ్చి పడింది. నెత్తురు నాగవ్వ కాళ్ళ మీద చిమ్మింది. పటేలు ఆ నెత్తురు వేలితో తీసి తన నుదుట పెట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో ముసలామె, "అమ్మ శాంతించింది," అన్నది. ఇంకొకరు అందుకున్నారు. క్షణంలో దొడ్డి అంతా చేతులెత్తి మొక్కింది. చెప్పింది ఎల్లమ్మ, తప్పు ఒప్పుకున్నది ఎల్లమ్మకు, పొట్టేలు పుచ్చుకున్నది ఎల్లమ్మ. ఇక లెక్క ఏముంది?

పటేలు మోకాళ్ళు దులుపుకున్నాడు. "అయిపాయె," అన్నాడు బీరయ్యతో, మెల్లగా, నవ్వుతూ.

రాజుల కొలువులలో విదూషకుడికి ఏమన్నా అనే చనువు ఉండేదని దేశదేశాల కథలలో చదివాం. ఆ చనువు ఇచ్చినవాడి తెలివి నాకు ఆనాడు అర్థమైంది. అననిస్తే చాలు, విన్నానని తలూపితే చాలు, నిజం కూడా ఆటలో భాగమై పోతుంది. బుగ్గమ్మకు కూడా అప్పుడే అర్థమైందనుకుంటాను. ఆమె ముఖం మాడిపోయింది. నియమం సడలించి తాను చేసిన పని అది.

నాగవ్వ నెత్తుట్లో నిలబడి పటేలును పిలిచింది.

"పటేలా, ఆగు. ఎల్లమ్మకు పొట్టేలు ఇచ్చినవ్. నాగవ్వకు ఏమిచ్చినవ్?"

కిరీటం తీసి బండ మీద పెట్టింది. దిగి తొట్టి దగ్గరికి నడిచింది.

"వద్దే!" అని అరిచింది బుగ్గమ్మ. ఆ దొడ్డిలో ముఖం కడగవద్దని ఆమె నోట వినడం ఎవరికైనా అదే మొదలు.

బీరయ్య అప్పటికే తొట్టి దగ్గర ఉన్నాడు. చెంబు ముంచి, పళ్ళు బయటపెట్టి, "నేను పోస్త," అన్నాడు.

నాగవ్వ రెండు చేతులూ దోసిలి పట్టింది. "పొయ్యి."

పోశాడు. పుండ్ల మీద నీళ్ళు పడినప్పుడు ఆమె భుజాలు వణకడం అందరం చూశాం. పసుపు నీళ్ళు గడ్డం మీదుగా చీర మీదికి కారాయి. ఆమె చెవుల వెనక తానే తుడుచుకున్నది, మెడ తానే తుడుచుకున్నది, ఎవరూ చెప్పకుండానే. ఆ పగిలిన ముఖాన్ని మేము ఎవరమూ అంతకుముందు చూడలేదు. ఆమె జనం వైపు తిరిగి, బీరయ్య మణికట్టు పట్టుకుని చెంబుతో సహా పైకెత్తింది.

"గీ చెయ్యే. నేను నాగవ్వను. నర్సప్ప పెండ్లాన్ని. గీ చెయ్యే పోసింది, గీ చెయ్యే కొట్టింది. పటేలు పక్కనే నిలవడి ఎడమ కాలు సెప్పు ఇడిసి, దానితోని మా ఆయన నోరు..."

చెంబు ఆమె ముఖం మీద పడింది. ఇత్తడి చెంబు. ముక్కు నలిగిన చప్పుడు దొడ్డి అవతలికి వినిపించింది. బీరయ్య ఆమె జుట్టు పట్టి తల తొట్టి అంచుకు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. కట్టెలవాళ్ళు జనం మీద పడ్డారు. తుమ్మకంప మీద పడి, ఒళ్ళు చీరుకుంటూ జనం బయటికి పరుగెత్తారు. సేడం బయలాటవాడు ఒకడు తన చెక్కగదతో ఒక కట్టెవాడి దవడ పగలగొట్టాడు. అయినా ఆమె నోరు ఆగలేదు. నెత్తురుతో, విరిగిన పళ్ళతో, ఆపిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకున్నది.

"... నోరు మూసిండు. అప్పటికి ఊపిరున్నది."

మూడోసారి కొట్టడానికి బీరయ్య ఆమె తల ఎత్తాడు. గొర్రెలకు కొమ్మలు కొట్టే గొడ్డలి దొడ్డి గుంజకు ఎప్పుడూ వేలాడుతుండేది. బుగ్గమ్మ దానితో వచ్చింది.

"ఇడువు మరిదీ."

"నువ్వు జరుగు వదినె!"

ఆమె రెండోసారి చెప్పలేదు. జుట్టు పట్టిన చేయిని తొట్టి అంచు మీద, మణికట్టు దగ్గర నరికింది. చేయి వెంటనే వదలలేదు. తెగినా వేళ్ళు జుట్టులోనే చిక్కుకుని ఉన్నాయి. బీరయ్య అరుపు విని కట్టెలవాళ్ళు ఆగిపోయారు. గొడ్డలి పటేలు వైపు తిరగగానే ఆయన కుర్చీ తన్నేసి, కంప తొక్కుకుంటూ పారిపోయాడు.

మిగిలినవాళ్ళం పిడికెడు మందిమి. బుగ్గమ్మ నాగవ్వ జుట్టులోంచి ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. ఎవరో బీరయ్య చేతికి తలపాగా బిగించి కట్టి బండి మీద వేసుకుపోయారు.

"అయిందా నీ కత?" అని అడిగింది బుగ్గమ్మ.

"ఆయన సచ్చిన కత అయింది," అన్నది నాగవ్వ. "బతికిన కత ఇంక ఎత్తుకోనే లేదు."

"ఎత్తుకో మరి."

ఎత్తుకునే లోపలే పోలీసులు వచ్చారు. "జర ఆగు జమేదారూ, ఆమె కత కాలే," అన్నది బుగ్గమ్మ. లాఠీ మోచేతి మీద పడి గొడ్డలి జారింది. ఆమెను రైలులో వికారాబాద్ తీసుకుపోయారు.

తర్వాతి సంగతులు చెప్పుకోవలసినంత గొప్పవేం కావు. బీరయ్య బతికాడు. కోర్టులో వకీలు అడిగినప్పుడు, చేయి ఎందుకు పోయిందో చెప్పబోయి, ఆ చేయి ఏం చేసిందో చెప్పుకున్నాడు. ఆ మాటతో పటేలు మీద కేసు లేచింది, నాగవ్వ తప్ప సాక్షులెవరూ నిలబడక పడిపోయింది. కానీ రెండేళ్ళు తిరక్కుండానే ఆయన ఊరు విడిచి హైదరాబాద్ పోయాడు. ఆయన బావిలో నీళ్ళు ఆయన కూలివాళ్ళే తాగడం మానేశారని విన్నాను. బుగ్గమ్మకు నాలుగేళ్ళు పడ్డాయి. అరవై రెండులో విడుదలై, మళ్ళీ దొడ్డి నడిపి, అరవై ఏడులో జ్వరంతో పోయింది.

నేను చెప్పవలసింది తీర్పు నాటి సంగతి. వికారాబాద్ కోర్టు అరుగు మీద, చేతులకు బేడీలు వేసిన బుగ్గమ్మను ఇద్దరు జవాన్ల నడుమ కూర్చోబెట్టారు. అనంతగిరి మీది నుంచి చల్లగాలి వస్తోంది. వకీళ్ళు, కక్షిదారులు, బీడీలు అమ్మేవాళ్ళు. నాగవ్వ తాండూరు బండి దిగి నేరుగా అరుగు ముందుకు వచ్చి నిలబడింది. వంకరగా అతుక్కున్న ముక్కు, ముందుపళ్ళు లేవు, ముఖాన చిటికెడు రంగు లేదు.

"మిగిలింది సెప్పనీకె వచ్చిన," అన్నది.

"చెప్పు," అన్నది బుగ్గమ్మ.

"మా ఆయన పని పడుడే. హాస్యగాడు ఎగిరితే ఎవ్వలు నవ్వరక్కా, పడితే నవ్వుతరు. దెబ్బ తాకకుండ పడుడు గూడ ఒక ఇద్దె. గోడ మీదికెళ్ళి బండ మీదికి పడి నేర్సుకున్నడు. సూసెటోల్లు లేకుంటే బర్రెను కట్టేసుకుని దాని ముంగల పడేటోడు. బర్రె తలకాయ తిప్పితే బాగ పడ్డట్టు లెక్క. పెండ్లినాడు సెయ్యిరిగి జోలె కట్టుకుని వచ్చిండు. అందరు బాధపడుతుంటే, తలంబ్రాల బియ్యం మీద జారి, గిట్ల..."

ఆమె పడింది. కాలు జారినట్టు, చేయి గాలిలో తడిమినట్టు, పెద్దమనిషి తలపాగా పట్టుకోబోయి దొరక్కపోయినట్టు, వికారాబాద్ కోర్టు బండల మీద దబ్బున వెల్లకిలా పడింది. అరుగు మీది వకీలు ఒకాయన అదిరిపడి కాగితాలు వదిలేశాడు. నాగవ్వ పడిన చోటనే మెడ ఎత్తి, బర్రె వైపు చూసినట్టు, బుగ్గమ్మ వైపు చూసింది.

బుగ్గమ్మ నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆమె దగ్గర ఉందని మాకెవరికీ తెలియదు. జవాను, "చుప్!" అని లాఠీతో భుజం మీద కొట్టాడు. ఆమె ఇంకా నవ్వింది. మళ్ళీ కొట్టాడు. లోపల నుంచి బిళ్ళబంట్రోతు ఉరికి వచ్చి, జడ్జి దొరవారు కోప్పడుతున్నారు, ఏమిటీ అల్లరి అని కేకలు వేశాడు. ముద్దాయి పేరు పిలిచారు. బేడీలు పట్టి లేపారు. గడప దగ్గర ఆమె కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి తిరిగింది.

"ఇంకోపారి పడు," అన్నది.